మూడు గీతలు గీశారు, ఏది ఎంచుకోవాలి? ఊరి రోడ్డు విస్తరణ దారుల్ని బేరీజు వేసే పద్ధతి

ఊరికి పెద్ద రోడ్డు వస్తోందన్న మాట పుట్టిందో లేదో, వాట్సాప్‌లో ఒక మ్యాప్ తిరగడం మొదలవుతుంది. ఎర్ర గీత, పచ్చ గీత, నీలం గీత. అందరూ చేసే మొదటి పని, వేళ్లతో పెద్దది చేసుకుని తమ ప్లాటు ఎక్కడుందో వెతుక్కోవడం. వెతుక్కోండి, తప్పేం లేదు. దొరికాక మాత్రం ఫోన్ పక్కన పెట్టేయండి. ఆ గీత పట్టుకుని కూర్చుంటే "మా దిక్కు రావద్దు", "మా దిక్కే రావాలి" అన్న రెండు మాటల మధ్యే ఊరంతా చీలిపోతుంది.

నేను హైదరాబాద్ ఎర్రమంజిల్‌లో రోడ్లు భవనాల శాఖ ఆఫీసులో ట్రేసర్‌గా చేరి డ్రాఫ్ట్స్‌మన్‌గా రిటైరయ్యాను. ట్రేసింగ్ క్లాత్ మీద ఇంకుతో మొదలై ఆటోక్యాడ్ దాకా వచ్చిన చెయ్యి ఇది. ఇంజనీర్లు చెప్పిన గీత గీయడం నాకు జీతమిచ్చిన పని. ఏ గీత ఎందుకు చెరిపేశారో, ఏది ఎందుకు మిగిలిందో గమనించడం జీతం లేని పని. ఇప్పుడు వనస్థలిపురంలో ఉంటున్నా, ఔటర్ రింగ్ రోడ్డు అవతల ఊళ్లలోని చుట్టాలు వదలరు. ఈమధ్య మా తమ్ముడు ఫోన్ చేశాడు: "అక్కా, మా దగ్గర మూడు ఆప్షన్లు ఇచ్చిన్రట. ఏది మంచిదో జర చెప్పు." ఆ ఊరి పేరు రాయను. రాస్తే రేపు పొద్దున్నే అక్కడ గజం రేటు మారిపోతుంది.

వాడి ఊళ్లో గీతలు ఇవీ. ఎర్రది, ఉన్న మెయిన్ రోడ్డునే వంద అడుగులకు వెడల్పు చేయడం. పచ్చది, ఉత్తరం దిక్కున చెరువు అంచు పట్టుకుని పోయే పొట్టి బైపాస్. నీలంది, దక్షిణాన రైలు పట్టాలు దాటి పొలాల్లోంచి పోయే పొడుగాటి బైపాస్. మీ ఊళ్లో రంగులు వేరుగా ఉండొచ్చు గానీ కథ దాదాపు ఇదే ఉంటుంది. పచ్చ గీత అన్నిటికంటే చౌక అని కాగితం మీద రాసుంది. నేను వాడికి మొదట చెప్పింది, చౌక అన్న గీతనే ముందు అనుమానించమని. ఒక దారి మిగతా వాటికంటే బాగా తక్కువలో అయిపోతోందంటే, దాని ఖర్చులో కొంత ఎవరో ఒకరి నెత్తి మీదకు జరిగి, లెక్కలోంచి జారిపోయి ఉంటుంది. అది ఎవరి నెత్తి మీద పడిందో వెతకడమే బేరీజు వేయడం. ఆ వెతుకులాట ఎలా చేయాలో చెప్తాను.

ముందు బండ్లు లెక్కపెట్టండి

రోడ్డు మీద ఆగిపోతున్న బండ్లు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతున్నాయి? తమ్ముణ్ని అడిగితే "మస్తు ట్రాఫిక్ ఉంటదక్కా" అన్నాడు. అది జవాబు కాదు. ఊరిని దాటిపోయే బండ్లు వేరు, ఊళ్లో పనుండి వచ్చే బండ్లు వేరు. బైపాస్ పనికొచ్చేది దాటిపోయే వాటికే. బడి ఆటోలు, బ్యాంకుకొచ్చే బైకులు, ఎరువుల దుకాణానికొచ్చే ట్రాక్టర్లు బైపాస్ ఎక్కవు. అవే ఎక్కువున్న ఊరికి ఎంత గొప్ప బైపాస్ వేసినా పొద్దున బడి వేళకు మెయిన్ రోడ్డు ఎప్పటిలాగే ఇరుకుతుంది.

దీన్ని కనుక్కోవడానికి కన్సల్టెంట్ అక్కర్లేదు, డిగ్రీ చదివే పిల్లలు చాలు. ఊరికి రెండు చివర్లా ఇద్దరిద్దర్ని నిలబెట్టండి. ఒకరు బండి నంబరులో చివరి నాలుగు అంకెలు, అది లారీనో కారో బస్సో పైకి చదవాలి, ఇంకొకరు టైముతో సహా రాసుకోవాలి. ఫోన్‌లో రికార్డు చేసి ఇంటికెళ్లి రాసుకున్నా సరే. బైకుల్ని వదిలేయొచ్చు, అవి మరీ ఎక్కువ. సాయంత్రం రెండు జాబితాల్నీ ఎక్సెల్‌లో పక్కపక్కన పెట్టండి. ఊరు దాటడానికి మామూలుగా పదిహేను నిమిషాలు పట్టే చోట, ఒక చివర కనిపించిన బండి ఇరవై, ఇరవై ఐదు నిమిషాల్లో రెండో చివర కనిపిస్తే అది దాటిపోయే బండి. గంటన్నర తర్వాత కనిపించినా, అసలు కనిపించకపోయినా దానికి ఊళ్లో పనుందని అర్థం.

ఏ రోజు లెక్కపెడతారన్నది ముఖ్యం. అంగడి రోజు ఒకటి, మామూలు రోజు ఒకటి, ఆదివారం ఒకటి ఉండాలి. కోతల కాలంలో కొనుగోలు కేంద్రాలకు వడ్ల ట్రాక్టర్లు బారులు తీరుతాయి కాబట్టి ఆ రోజుల్లో ఇంకోసారి. సంక్రాంతికి ముందురోజు లెక్కపెట్టి "చూశారా మా ఊరి రద్దీ" అంటే ఎవరూ ఒప్పుకోరు. విజయవాడ హైవే మీద పంతంగి టోల్ దగ్గర ఆ రోజు కనిపించే వరస చూసి ఏడాది మొత్తానికి లెక్క కట్టలేం కదా. శాఖ వాళ్లు చేయించే సర్వే సాధారణంగా వారం రోజులు, రాత్రింబవళ్లు ఉంటుంది. వాళ్లది ఏ నెలలో చేశారో అడగండి. వేసవి సెలవుల్లో చేసి ఉంటే బడి పిల్లల రద్దీ అందులో లేనట్టే.

తర్వాత అన్ని బండ్లనూ కార్లలోకి మార్చుకోవాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పద్ధతిలో దీన్ని పీసీయూ అంటారు. కారు ఒకటైతే బైకు అర. ఆటో ఒకటి. లారీ, బస్సు మూడేసి. ట్రాలీ తగిలించిన ట్రాక్టరు నాలుగున్నర. ఎడ్లబండి ఏకంగా ఎనిమిది! ఉదాహరణకు రోజుకు 6,000 బైకులు, 1,500 కార్లు, 1,000 ఆటోలు, 800 లారీలు బస్సులు, 200 ట్రాలీ ట్రాక్టర్లు పోతున్నాయనుకోండి. 3,000, 1,500, 1,000, 2,400, 900 కలిపితే 8,800 పీసీయూ. మైదాన ప్రాంతంలో ఊరి బయట రెండు వరసల రోడ్డుకు రోజుకు 15,000 పీసీయూ దాకా సరిపోతుందని, నాలుగు వరసలకు 35,000 నుంచి 40,000 దాకా అని లెక్క. మరి 8,800కే మన రోడ్డు ఎందుకు జామ్ అవుతోంది?

జవాబు రోడ్డు అంచున నిలబడితే కనిపిస్తుంది. సగం రోడ్డు మీద పార్కింగ్, మలుపు మీదే బస్సు ఆగడం, మూత లేని మోరీ, దాని పక్కన మిర్చి బండి. పేరుకు రెండు వరసలే గానీ బండ్లకు దొరికేది ఒకటే వరస. అందుకే వాట్సాప్ మ్యాప్‌లో లేని నాలుగో గీతను మీరే గీయండి. బస్‌స్టాపు వంద గజాలు ముందుకు జరపడం, మోరీ మీద పలకలు వేసి నడిచేవాళ్లకు దారివ్వడం, ఒక వీధిని వన్‌వే చేయడం, చౌరస్తాలో ఎడమకు తిరిగే బండ్లకు విడి దారి వదలడం, తోపుడు బండ్లకు ఒక చోటు చూపడం. ఇది నాలుగైదేళ్లకే సరిపోవచ్చు. అయినా మిగతా మూడింటినీ దీనితోనే పోల్చాలి. ఏమీ చేయకపోతే ఏమవుతుంది, కొంచెం చేస్తే ఏమవుతుంది అన్న లెక్క లేని నివేదిక ముందే ఒక గీతను పెళ్లికూతురిలా ముస్తాబు చేసి కూర్చోబెట్టిన నివేదిక.

ఇంకో ప్రశ్న, పెరుగుదల శాతం గురించి. బండ్లు ఏటా 5 శాతం పెరుగుతాయనుకుంటే పదిహేనేళ్లలో రెండింతలవుతాయి. 7.5 శాతం అనుకుంటే దాదాపు మూడింతలు. రెండున్నర శాతం తేడాతో రెండు వరసల రోడ్డు నాలుగు వరసలైపోతుంది. ఏ శాతం తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు అని అడిగితే సమావేశంలో కాసేపు నిశ్శబ్దం వస్తుంది. అడగాల్సిందే.

గీతకు వెడల్పు ఉంటుంది

మ్యాప్ మీద దారి సన్నగా ఉంటుంది. నేల మీద అది ఒక పట్టీ. నాలుగు వరసల బైపాస్‌కు 45 మీటర్ల వెడల్పు తీసుకుంటే కిలోమీటరుకు నాలుగున్నర హెక్టార్లు, అంటే పదకొండు ఎకరాల పైచిలుకు పోతుంది. జంక్షన్లు, వంతెన ర్యాంపులు ఉన్న చోట ఇంకా ఎక్కువ. కాబట్టి "మా చేను పక్కనించి పోతోంది" అన్న ధీమా వద్దు, మధ్య గీత నుంచి రెండు వైపులా కొలుచుకోండి.

కొలవడానికి గూగుల్ మ్యాప్ ఒక్కటే చాలదు. సర్వే శాఖ గ్రామ పటం కావాలి, హద్దు మీద అనుమానముంటే ఆ సర్వే నంబరు టిప్పన్, అంటే కొలతల స్కెచ్ కావాలి. పటం మీద దారిని పెన్సిల్‌తో గీసి, తగిలిన ప్రతి సర్వే నంబరూ వరసగా రాయండి. ఎదురుగా భూమి రకం రాయండి: పట్టా, లావణి పట్టా (పేదలకు ప్రభుత్వమిచ్చిన భూమి), శిఖం (చెరువు లోపలి భూమి), దేవాదాయం, వక్ఫ్, గ్రామ కంఠం (ఊరి ఇళ్ల జాగా). వివరాలు ప్రభుత్వ భూ రికార్డుల పోర్టల్ భూభారతిలో చూడొచ్చు, పాత పహాణీతో, అంటే ఊరి భూమి, పంటల రికార్డుతో సరిచూసుకుంటే మేలు. ఈ జాబితా అయ్యేసరికి ఒక విషయం బయటపడుతుంది. చౌక అన్న దారి ఎక్కువగా లావణి భూముల్లోంచి, శిఖంలోంచి పోతూ ఉంటుంది. ప్రభుత్వమిచ్చిన భూమే కదా, తీసుకోవడం సులువు అన్న లెక్క. ఆ భూమి మీదే బతికే కుటుంబాలు ఎన్ని, వాళ్లలో ఎంతమంది పేరు రికార్డుకెక్కలేదు అన్నది ఆ లెక్కలో ఉండదు.

జాబితా పట్టుకుని ఆ దారంతా ఒకసారి నడవండి. నడిస్తేనే ముక్కల సంగతి తెలుస్తుంది. మూడెకరాల చేనును రోడ్డు అడ్డంగా కోస్తే ఎకరంన్నర పోతుంది, కాగితం మీద నష్టం అంతే. మిగిలిన ఎకరంన్నరలో బోరు ఒక దిక్కు, మడి ఇంకో దిక్కు పడితే? గేదెల్ని తోలుకుపోయే బాట తెగితే? రోడ్డు కింద పైపు వేసుకోవడానికి, పశువులు దాటడానికి అండర్‌పాస్ ఎక్కడ ఇస్తారో దారి ఖరారయ్యే ముందే రాయించుకోవాలి. రోడ్డు పడ్డాక అడిగితే మళ్లీ ఎస్టిమేట్, మళ్లీ మంజూరు అంటారు. మన పిల్లల పెళ్లిళ్లు అయిపోతాయి.

నీళ్లు పోయే దారి

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. తెలంగాణలో ఏ ఊరి చుట్టూ దారి గీసినా చెరువు తగలకుండా ఉండదు. మన చెరువులు గొలుసుకట్టు చెరువులు. పై చెరువు అలుగు పారితే ఆ నీళ్లు వాగులో పడి కింది చెరువుకు చేరతాయి. రోడ్డుకు చెరువు అంచు ఎప్పుడూ ముద్దుగానే కనిపిస్తుంది. భూసేకరణ లేదు, ఇళ్లు కూలగొట్టేది లేదు, ఎండాకాలంలో చూస్తే బీడు. తమ్ముడి ఊళ్లో పచ్చ గీత చౌకగా తేలింది సరిగ్గా ఇందుకే.

వరద మట్టం కంటే రోడ్డు పైనుండాలి కాబట్టి మట్టి పోసి ఎత్తు చేస్తారు. అంటే చెరువుకు ఇంకో కట్ట కట్టినట్టే, కాకపోతే ఈ కట్టకు అలుగు ఉండదు. నీళ్లు పోవడానికి వదిలే కల్వర్టుల మీదే అంతా ఆధారపడుతుంది. 2020 అక్టోబరు వానలకు గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు తెగి బెంగళూరు హైవే మీదకు వచ్చిన నీళ్లు బండ్లనూ మనుషులనూ ఈడ్చుకుపోయాయి. అంతటి జాతీయ రహదారి తెగిపోయింది. నీళ్లకు పాత దారి గుర్తుంటుంది, మ్యాప్ గీసినవాళ్లకు ఉండదు.

మీరు చేయాల్సింది ఇదీ. నీటిపారుదల శాఖ దగ్గర ఆ చెరువు ఎఫ్‌టీఎల్ మ్యాప్ అడగండి. ఎఫ్‌టీఎల్ అంటే నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు. దాన్ని మీ దారి పటం మీద వేయండి. 2012 నాటి జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, అంటే దాదాపు పాతిక ఎకరాలు, ఆపైన ఉన్న చెరువులకు ఎఫ్‌టీఎల్ అవతల 30 మీటర్లు, చిన్న చెరువులకు 9 మీటర్లు బఫర్ వదలాలి. ఆ నియమం కట్టడాల కోసం, రోడ్డుకు కాదని ఇంజనీర్లు అనవచ్చు. అప్పుడు మెల్లగా అడగండి: ఇల్లు కడితే నీళ్లకు అడ్డమని ఆపిన చోట, ఇంటికంటే పొడుగ్గా మట్టి కట్ట పోస్తే అడ్డం కాదా సారూ?

ఊళ్లో నీరటి కుటుంబం, అంటే చెరువు నీళ్లు వదిలే పని చూసే కుటుంబం ఇంకా ఉంటే వాళ్లను వెంటబెట్టుకుని వెళ్లండి. ఏ వానకు అలుగు ఎంత ఎత్తున పారింది, ఏ తూము కింద ఎన్ని మళ్లు తడుస్తాయి, ఎక్కడ వాగు పక్కకు జరిగింది అన్నది వాళ్లకు నోటికి వచ్చు. వాళ్లు చూపించిన ప్రతి చోటా ఫోన్‌లో లొకేషన్‌తో ఫొటో తీయండి. ఆ తర్వాత నివేదికలో ఆ చోట ఏ సైజు కల్వర్టు ఇచ్చారో చూడండి. గజం వెడల్పు గొట్టం ఒకటి పెట్టి వాగు దాటించేశామని రాసి ఉంటే, పచ్చ గీత ఎందుకు చౌకో మీకు అక్కడే తెలిసిపోతుంది. సరైన వంతెన ఖర్చు కలిపి మళ్లీ లెక్క వేయమనండి. నీలం గీతకూ దానికీ తేడా చాలా తగ్గిపోవచ్చు.

చెరువులో కొంత భాగం పోతే కింద ఆయకట్టు ఎంత తగ్గుతుందో కూడా అడగాలి. చేపలు పట్టే మత్స్యకారుల సొసైటీ ఉంటే వాళ్లను సమావేశానికి పిలవండి. పట్టా లేదు కాబట్టి వాళ్లకు నోటీసు రాదు.

హైదరాబాద్‌కు పడమటి దిక్కు ఊళ్ల వాళ్లకు ఇంకో మాట. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ పది కిలోమీటర్ల లోపలి 84 గ్రామాల్లో కట్టడాలకు పగ్గం వేస్తూ 1996లో వచ్చిన 111 జీవో గురించి ఎన్ని మాటలు నడిచాయో మీకు తెలుసు. అక్కడ రోడ్డు వెడల్పవడమంటే వెంచర్లకు తలుపు తెరవడం కూడా. ఆ దిక్కున దారులు పోల్చేటప్పుడు రోడ్డు ఒక్కటే కాదు, దాని వెనకాల వచ్చేదీ లెక్కలోకి తీసుకోండి.

చెట్ల గురించి రెండు మాటలు చాలు, ఎందుకంటే చేవెళ్ల రోడ్డు అందరికీ తెలిసిందే. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు, దాని వెంట దాదాపు 900 మర్రి చెట్లు. విస్తరణ అంటే మొదట వాటిని కొట్టేయడమే అనుకున్నారు. విషయం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లాక, చాలా చెట్లను అక్కడే ఉంచి వెడల్పు చేసే డిజైన్ వచ్చింది. మన పాఠం ఏమిటంటే, వెడల్పు చేయడమా మానడమా అన్న రెండు దారులే కాకుండా, చెట్ల వరసను మధ్యలో వదిలి రెండో వైపు కొత్త రోడ్డు వేయడమనే మూడో దారి ఉంటుంది. చెట్లు ఒక్కొక్కటి లెక్కపెట్టి, ఏ కిలోమీటరు రాయి దగ్గరున్నాయో జాబితా ఇవ్వండి. కొట్టడానికి నీళ్లనూ చెట్లనూ కాపాడే వాల్టా చట్టం కింద అనుమతి కావాలి.

డబ్బు కాలమ్‌లో ఏం రాశారు, ఏం రాయలేదు

2013 భూసేకరణ చట్టం ప్రకారం పరిహారం లెక్క ఇలా ఉంటుంది. భూమి ధరను రిజిస్ట్రేషన్ విలువతోనూ, చుట్టుపక్కల గత మూడేళ్ల అమ్మకాల్లో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటుతోనూ పోల్చి, ఏది ఎక్కువైతే అది తీసుకుంటారు. దాన్ని పట్టణంలోనైతే ఒకటితో, పల్లెలోనైతే పట్టణానికి ఉన్న దూరాన్ని బట్టి రెండు దాకా ఒక అంకెతో గుణిస్తారు. దాని మీద నూరు శాతం సొలేషియం, అంటే ఇష్టం లేకున్నా భూమి పోయినందుకు ఓదార్పు సొమ్ము కలుపుతారు. ఎకరం 20 లక్షలనుకుంటే పట్టణ హద్దులో 40 లక్షలు వస్తుంది. అదే పల్లెలో గుణకం ఒకటిన్నర అయితే 30కి 30 కలిపి 60 లక్షలు. ఇవి కాక ఆ ధర మీద ఏటా 12 శాతం చొప్పున అదనం ఉంటుంది.

ఈ లెక్కలో పెరిగే ఊళ్లకు ఒక మెలిక ఉంది. నిన్నటి దాకా గ్రామ పంచాయతీగా ఉన్న చోటు మున్సిపాలిటీలో కలిస్తే గుణకం ఒకటికి పడిపోతుంది. పొలం అదే, పంట అదే, పరిహారం మాత్రం తగ్గుతుంది. దాంతో ఆ దారి ఎస్టిమేట్ కూడా చౌకగా కనిపిస్తుంది. మీ గీతల్లో ఏది ఏ హద్దులో పడుతుందో చూసుకోండి.

ఎర్ర గీతకు వస్తే, మెయిన్ రోడ్డు వెడల్పులో పోయేది భూమి కంటే దుకాణాలు. ముందు పదిహేను అడుగులు కోస్తే వెనక మిగిలేది గోడే అయితే, మొత్తం తీసుకోమని అడిగే హక్కు 2013 చట్టం 94వ సెక్షన్‌లో ఉంది. నగదు బదులు టీడీఆర్ (పోయిన జాగాకు బదులు అదనంగా కట్టుకునే, ఇంకొకరికి అమ్ముకునే హక్కు పత్రం) ఇస్తామని మున్సిపాలిటీ అంటే, మీ ఊళ్లో దాన్ని కొనేవాళ్లున్నారో లేదో ముందు కనుక్కోండి. అయిదారు అంతస్తులు లేచే ఊరికి టీడీఆర్ పనికొస్తుంది, రెండంతస్తుల ఊళ్లో అది బీరువాలో కాగితమే. కిరాయికున్న టైలరు, మెడికల్ షాపు, టిఫిన్ సెంటరు సంగతేమిటి? మూడేళ్లుగా అక్కడే పని చేస్తూ, ప్రధానంగా దాని మీదే బతికే కిరాయిదారులూ వ్యవసాయ కూలీలూ కూడా ఆ చట్టంలో బాధిత కుటుంబాలే. మాట్లాడుకుని తీసుకున్నామని సంతకాలు పెట్టించుకుంటే ఆ పేర్లు ఎక్కడా రావు. దుకాణం దుకాణానికీ తిరిగి యజమాని పేరు, కిరాయిదారు పేరు, ఎన్నేళ్లుగా ఉన్నారు అన్నది రాసి పెట్టుకోండి.

నీలం గీతలో పెద్ద ఖర్చు రైలు వంతెన. పట్టాల మీదుగా పోవాలంటే రెండు వైపులా పావు కిలోమీటరు పైనే ఎత్తు కట్ట కావాలి, రైల్వే అనుమతులు వేరే. ఆ ఖర్చు నిజమైనదే, కప్పిపుచ్చొద్దు. తమ్ముడికి నీలం గీతంటే ఇష్టమని తెలిసినా ఆ అంకె మొదటి వరసలోనే రాయించాను. మనకు నచ్చిన దారి ఖర్చు మనమే దాస్తే అవతలి వాళ్లు ఒక్క మాటతో కొట్టిపారేస్తారు. మిషన్ భగీరథ పైపులు, కరెంటు స్తంభాలు జరిపే ఖర్చు మూడు గీతలకూ వేశారా, ఒకదానికే వేశారా అన్నదీ చూడండి.

మార్కులేసే పట్టికలంటే నాకు నమ్మకం లేదు. ఖర్చుకు నలభై, పర్యావరణానికి ఇరవై అని మార్కులు వేసి కూడితే ఏది కావాలంటే అది గెలుస్తుంది, నేను చూశాను. దానికి బదులు ఒక్కో గీతకు ఒక కాగితం తీసుకుని మామూలు మాటల్లో రాయండి: ఎంత మందికి ఎంత టైము కలిసొస్తుంది, ఎవరు ఏం పోగొట్టుకుంటారు, అందులో తర్వాత సరిదిద్దుకోగలిగేవి ఏవి, ఎప్పటికీ వెనక్కి రానివి ఏవి. పార్కింగ్ తప్పయితే మార్చుకోవచ్చు. పూడ్చిన చెరువు మళ్లీ రాదు. కాగితాలు చదివి వినిపించేటప్పుడు ఆడవాళ్లనూ కూర్చోబెట్టండి. రోడ్డుకు అవతల బడి ఉంటే పిల్లల్ని ఎవరు దాటిస్తారన్న ప్రశ్న మా మీటింగులో వేసింది ఒక అంగన్‌వాడీ టీచరే.

బైపాస్ ఊరైపోకుండా

బైపాస్ గెలిచిందనుకుందాం. దాని మీద మొదట ఒక పెట్రోలు బంకు, తర్వాత దాబా, ఫంక్షన్ హాలు, ఇంటర్ కాలేజీ వస్తాయి. కొన్నేళ్లకు అదే మెయిన్ రోడ్డు, దానికి ఇంకో బైపాస్ కావాలంటారు. ఒకప్పుడు హైదరాబాద్‌కు అంచనుకున్న ఇన్నర్ రింగ్ రోడ్డు మీద ఇవాళ నిలబడి ఊరి బయట ఉన్నామని ఎవరైనా అనగలరా? మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్‌వేను 2009లో స్తంభాల మీద తెరవాల్సి వచ్చింది. 158 కిలోమీటర్ల ఔటర్ ఇప్పటికీ వేగంగా సాగుతోందంటే, ఎక్కడ పడితే అక్కడ ఎక్కనివ్వకుండా ఇంటర్‌ఛేంజీల దగ్గరే ఎక్కి దిగనివ్వడం వల్ల, ఇళ్లూ దుకాణాలూ సర్వీసు రోడ్డు వైపు తెరుచుకోవడం వల్ల.

చిన్న ఊరికి అంతంత ఇంటర్‌ఛేంజీలు అక్కర్లేదు. బైపాస్ పక్క భూములకు నేరుగా గేటు ఇవ్వకుండా సర్వీసు రోడ్డు ఉండాలని, మాస్టర్ ప్లాన్‌లో ఆ పట్టీని ఏ వాడకానికి ఉంచుతారో ముందే ప్రకటించాలని రాతపూర్వకంగా అడగండి. ఈ షరతు లేని బైపాస్‌కు నేనైతే ఓటు వేయను.

ఎప్పుడు, ఎక్కడ మాట్లాడాలి

దారి మార్చమని అడిగే గడువు చాలా చిన్నది. జాతీయ రహదారి అయితే 1956 చట్టం 3ఏ కింద గెజిట్ వచ్చిన 21 రోజుల్లో అభ్యంతరం ఇవ్వాలి. విచారించే అధికారి మీ మాట వినాలి. 3డి ప్రకటన వచ్చిందంటే భూమి కేంద్రానికి చేరిపోయినట్టే, ఆ తర్వాత మాట్లాడేది రేటు గురించే. రాష్ట్ర రోడ్డుకు 2013 చట్టం వర్తిస్తే 11వ సెక్షన్ నోటిఫికేషన్ నుంచి 60 రోజులు ఉంటుంది. రీజనల్ రింగ్ రోడ్డు విషయంలో భువనగిరి దగ్గర రాయగిరి రైతులు అలైన్‌మెంట్ మార్చమని ఎంత తిరిగారో పేపర్లు చదివేవాళ్లకు తెలుసు. కాబట్టి గెజిట్ కోసం ఎదురుచూడొద్దు. ఇప్పుడే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి మూడింటి అలైన్‌మెంట్ నివేదిక, ట్రాఫిక్ సర్వే, నీటి లెక్కలు అడగండి. జవాబుకు ముప్పై రోజుల గడువు ఉంటుంది, అందుకే ముందుగా పెట్టాలి.

అభ్యంతర పత్రం ఒక పేజీ మించొద్దు. కోపం, కులం, పార్టీ అందులోకి రానివ్వొద్దు. తమ్ముడికి రాసిచ్చింది ఇలా ఉంది:

"నేను ఫలానా గ్రామం ఫలానా సర్వే నంబరులో ఇన్ని గుంటల పట్టాదారుని. ఫలానా తేదీ గెజిట్‌లోని భూసేకరణపై ఈ అభ్యంతరం. ప్రతిపాదిత దారి మా చెరువు అలుగు వాగును ఈ చోట దాటుతోంది. అక్కడి కల్వర్టుకు ఆధారమైన వరద లెక్కల నకలు ఇప్పించాలి. దారిని ఇన్ని మీటర్లు పక్కకు జరిపితే వాగు, ఆయకట్టు రెండూ తప్పుతాయి, స్కెచ్ జతపరిచాను. నా వాదన స్వయంగా వినాలని కోరుతున్నాను."

రెండు కాపీలు తీసుకెళ్లండి, ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ఇరవై మంది ఒకే జిరాక్సు మీద సంతకాలు పెట్టి ఇచ్చేకంటే, ఎవరి సర్వే నంబరుకు తగ్గట్టు వాళ్లు ఇస్తే బలం.

దారి ఖరారయ్యాక పొలాల్లో రాళ్లు పాతుతారు. పాతిన రోజే ప్రతి రాయినీ పక్కన చెట్టో, బోరో, స్తంభమో కనిపించేలా ఫొటో తీసి పెట్టండి. చివరి గెజిట్ వచ్చినప్పుడు అందులోని సర్వే నంబర్లను మీరు నడిచి రాసుకున్న జాబితాతో పక్కపక్కన పెట్టి ఒక్కొక్కటే చదవండి. కొత్తగా చేరిన నంబర్లు, మాయమైన నంబర్లు రెండింటి కిందా గీత గీసి, ఏ కారణంతో మారాయో తెలపమని ఆర్డీఓ ఆఫీసులో ఇచ్చి ముద్ర వేయించుకోండి.